గతుకుల రోడ్డు మీద సన్న టైరు

రోడ్ బైక్ నున్నటి రోడ్లకే పనికొస్తుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కుర్రతనంలో నల్లటి పెద్ద సైకిలు, యాభై దాటాక వంపు హ్యాండిలున్న రోడ్ బైక్ తొక్కుతూ వచ్చాను. రెండూ తొక్కింది ఎక్కువగా తెలంగాణ జిల్లాల రోడ్ల మీదే, అప్పుడప్పుడు గోదావరి దాటి కోస్తా వైపు. ఈ రోడ్లన్నీ బాగుపడ్డాక తొక్కుదాం అనుకుంటే తొక్కే వయసు దాటిపోతుంది. తెల్లవారుజామున కలిసే పిల్లలు "అంకుల్, ఆ రూటు ఎట్లుంది?" అని అడుగుతుంటారు. ఎట్లున్నా పోవచ్చు. పోవడానికి ఏం కావాలో రాస్తున్నాను. మొదటిది అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి దాని గురించి ఎక్కువ చెబుతాను.

1. గాలి తగ్గించండి

టైరు పక్కన "గరిష్ఠం 120 పీఎస్ఐ" అని ఉంటే చాలామంది 120 కొట్టేస్తారు. ఆ అంకె టైరు తట్టుకోగలిగిన హద్దు. మీ బరువుకీ మీరు పోయే రోడ్డుకీ ఎంత కావాలో ఆ అంకె చెప్పదు.

బిగుసుకున్న టైరే వేగంగా పోతుందన్న నమ్మకం ఊరికే రాలేదు. నున్నటి ఇనుప డ్రమ్ము మీద టైరు తిప్పి కొలిస్తే, గాలి పెంచేకొద్దీ దొర్లడానికి పట్టే శక్తి తగ్గుతూ పోతుంది. కానీ డ్రమ్ము మీద కంకర ఉండదు, సీటు మీద మనిషి ఉండడు. రోడ్డు మీద కంకర మొన తగిలినప్పుడు గట్టి టైరు లోపలికి నొక్కుకోదు. బండినీ మనిషినీ కలిపి పైకి ఎత్తుతుంది. అలా ఎత్తడానికి ఖర్చయ్యేది మనం ముందుకు పోవడానికి తొక్కిన శక్తే. పైగా ఆ అదురు కండల్లోకీ పొట్టలోకీ చేరి అక్కడే వేడిగా మారిపోతుంది. గరుకు రోడ్డు మీద యాభై కిలోమీటర్లు పోయినా వంద పోయినంత అలసట రావడానికి కారణం ఇదే. గాలి కాస్త తక్కువున్న టైరు మొనను తన మీదే మోసి, దాటగానే మళ్లీ ఉబ్బుతుంది. పైనున్న మనిషి కదలడు.

అమెరికాలో బైసికిల్ క్వార్టర్లీ అనే పత్రిక నడిపిన యాన్ హైన్ దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. హైవే పక్కన ఉండే రంబుల్ స్ట్రిప్స్ మీదా, ఆ పక్కనే ఉన్న నున్నటి రోడ్డు మీదా పవర్ మీటరుతో తొక్కి, అదే వేగానికి గరుకు మీద ఎంత ఎక్కువ శక్తి పడుతుందో కొలిచాడు. పందేల్లో తొక్కేవాళ్లు సన్న టైర్లను, ఎక్కువ గాలిని వదిలిపెట్టడానికి ఇలాంటి కొలతలే దారి తీశాయి.

అసలు గాలి టైరు పుట్టిందే గతుకుల కోసం. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల బండి రాళ్ల వీధుల్లో అదురుతుంటే రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. మరుసటి ఏడాదే విల్లీ హ్యూమ్ అనే రైడరు అలాంటి టైర్లతో పందేలు గెలిచాడు. అదురు తగ్గించడానికి వచ్చిన వస్తువు వేగాన్నీ తెచ్చింది. నూట ముప్పై ఏళ్లు దాటినా ఈ సంగతి మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది.

అంకెలు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. డెబ్బై కిలోల మనిషికి మన జిల్లా రోడ్ల మీద 25 మిల్లీమీటర్ల టైరైతే 85 పీఎస్ఐ దగ్గర, 28 అయితే 70 దగ్గర, 32 అయితే 55-60 దగ్గర మొదలుపెట్టండి. ముందు చక్రం మీద బరువు తక్కువ పడుతుంది కాబట్టి అందులో ఐదు తగ్గించండి. బరువైనవాళ్లు కొంచెం పెంచుకోవాలి, తేలికైనవాళ్లు తగ్గించుకోవాలి. రెండు మూడు రోజులు అదే దారిలో తిరిగి రెండేసి పీఎస్ఐ అటూ ఇటూ మార్చి చూస్తే మీ అంకె మీకు దొరుకుతుంది. హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాకు మీద తొక్కే గాలితోనే పల్లె రోడ్డెక్కకండి. ట్రాకు దిగగానే కాస్త వదలండి, ఒక్క నిమిషం పని.

మరీ తగ్గిస్తే గుంత అంచుకు రిమ్ము తగిలి ట్యూబు నలిగిపోతుంది. పంచరైన ట్యూబు విప్పి చూడండి. పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి చాలలేదని అర్థం. ఒక్క చిల్లే ఉంటే అది ముల్లు పనో తీగ పనో. ఇంకొక మాట. ఎండకు గాలి పెరుగుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే మూడు నాలుగు పీఎస్ఐ పెరిగినట్టే. మే నెలలో పొద్దున ఐదింటికి సరిపెట్టిన గాలి పదకొండింటికి సరిగ్గా ఉండదు.

2. వెడల్పు టైరుకు భయపడకండి

మన పెద్దలు తొక్కిన పెద్ద సైకిలు టైరు ఒకటిన్నర అంగుళం, అంటే సుమారు 38 మిల్లీమీటర్లు. పాల క్యాన్లూ ధాన్యం మూటలూ వేసుకుని మట్టి బాటల మీద పోయింది ఆ టైర్ల మీదే. తర్వాత వచ్చిన రోడ్ బైకులు 23 మిల్లీమీటర్ల టైర్లతో షాపుల్లోకి దిగేసరికి, సన్నగా ఉంటేనే అసలైన సైకిలని ఒక తరం నమ్మింది.

లోకంలో అతి కఠినమైన రోడ్డు పందెం ఫ్రాన్సు ఉత్తరాన జరిగే పారిస్-రూబే. 1896లో మొదలైంది. సుమారు 260 కిలోమీటర్ల దారిలో యాభైకి పైగా కిలోమీటర్లు బండరాళ్లు పరిచిన పాత పొలం బాటలే. అందులో పేరుమోసిన ఆరెన్‌బర్గ్ అడవి బాటను 1968లో చేర్చారు. ఆ బాట అక్కడుందని చెప్పింది జాన్ స్టాబ్లిన్‌స్కీ. ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన ఆ మనిషి సైకిలు పందేల్లోకి రాకముందు ఆ అడవి కింది గనిలోనే పనిచేశాడు. కింద పనిచేసి, పైన పందెంలో తొక్కిన మనిషి అతను. గెలిచినవాడికి ఆ దారిలోని రాయినే బహుమతిగా ఇస్తారు. ఆ రాళ్లు ఊడిపోకుండా సర్దడానికి స్థానికులు పెట్టుకున్న సంఘం కూడా ఉంది. పాడుబడిన బాటను అంత అపురూపంగా చూసుకునే మనుషులంటే నాకు గౌరవం. ఆ పందెంలో నేటి రైడర్లు 30, 32 మిల్లీమీటర్లు, అంతకన్నా వెడల్పు టైర్లు వేస్తున్నారు. గెలుపు కోసం తొక్కేవాళ్లే అంత వెడల్పు పెడుతుంటే, ఆరోగ్యం కోసం తొక్కే మనకు 23 ఎందుకు?

పాత బండ్లలో బ్రేకు కింద 25 కన్నా ఎక్కువ పట్టదు. డిస్కు బ్రేకుల బండ్లకు 32, కొన్నిటికి ఇంకా ఎక్కువ పడుతుంది. టైరుకీ ఫ్రేముకీ మధ్య వేలి మందం ఖాళీ ఉంచుకోవాలి. నల్లరేగడి బురదలో ఒక్కసారి ఇరుక్కుంటే ఆ ఖాళీ ఎందుకో తెలుస్తుంది.

3. కింద ఏ నేల ఉందో తెలుసుకోండి

రోడ్డు గతుకులు పైన తారు వల్లే రావు. అడుగున ఉన్న మన్ను ఎలాంటిదన్నది చాలా ముఖ్యం. ఆదిలాబాద్ వైపు, నంద్యాల వైపు, ప్రకాశం జిల్లాలో నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాని మీద వేసిన రోడ్డు ఎత్తుపల్లాలుగా తయారవుతుంది. అంచు వెంబడే పొడుగాటి చీలికలు వస్తాయి. ఆ చీలికలు మనం పోయే దిక్కులోనే సాగుతాయి కాబట్టి గుంతలకన్నా ప్రమాదం. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు ఎర్ర నేల మీద రోడ్డు అంతగా కదలదు. అక్కడ గతుకులు ఎక్కువగా నీళ్లు నిలిచిన చోటే. కల్వర్టుకి ముందూ వెనకా, ఊరి మొదట్లో మోరీ నీళ్లు రోడ్డెక్కే చోటా చూసుకుంటూ పోవాలి.

పల్లె రోడ్లు చాలావాటికి పైన వేసేది ఇరవై మిల్లీమీటర్ల పలుచటి తారు కంకర పొర. నీళ్లు కిందికి దిగాయంటే అది పెచ్చులుగా లేస్తుంది. ఆ గుంతలు లోతుండవు, కానీ అంచు కోసుగా ఉంటుంది. టైరును కోసేదీ, రిమ్మును సొట్ట పెట్టేదీ ఆ అంచే. కొత్తగా కంకర చల్లిన రోడ్డు మీద లారీ చక్రాలు తిరిగిన రెండు చారల్లో పోవాలి. వదులు కంకరంతా నడిమధ్యకూ అంచుకూ చేరి ఉంటుంది, అక్కడ మలుపు తిప్పితే చక్రం జారుతుంది. ఊళ్లలో సీసీ రోడ్డు మీద కొన్ని మీటర్లకొక అడ్డ అతుకు తగులుతుంది. అది అదురే తప్ప అపాయం కాదు. మే నెల మధ్యాహ్నం తారు కరిగి మెరుస్తున్న చోట మాత్రం బ్రేకు పట్టకండి.

4. చీలికను అడ్డంగా దాటండి

సన్న టైరుకు అసలు శత్రువు మనతో పాటు సాగే సందు. రైలు గేటు దగ్గర పట్టాలు, కాలువ మీద పరిచిన ఇనుప జాలీ, సీసీ పలకల మధ్య పొడుగాటి అతుకు, వంతెన మీద పలకలు కలిసే చోటు చూసుకుని పోవాలి. రాజమహేంద్రవరం దగ్గర 1974లో తెరిచిన రోడ్డు-రైలు వంతెన నాలుగు కిలోమీటర్లు దాటి ఉంటుంది. గోదావరి మీద అందమైన దారి అది. కానీ నీటి వైపు చూస్తూ తొక్కే చోటు కాదు. ఒక్కో అతుకునూ గమనిస్తూ, చక్రం దాన్ని అడ్డంగా దాటేలా పోవాలి. రైలు పట్టాలు ఏటవాలుగా ఉంటే ముందే వెనక్కి చూసి, దారి దొరికాక బండిని కొద్దిగా తిప్పి పట్టాను అడ్డంగా దాటండి. తడిసిన పట్టా మీద బ్రేకు, మలుపు రెండూ వద్దు.

తారు అంచు దిగి మట్టిలోకి జారినప్పుడు మళ్లీ ఎక్కే తీరు కూడా ఇదే. అంచు రెండు మూడంగుళాల ఎత్తున ఉంటుంది. కంగారులో పక్క నుంచి మెల్లగా ఎక్కబోతే టైరు అంచును రాసుకుంటూ పోతుంది, మనిషి రోడ్డు మీదికే పడతాడు, వెనక లారీ ఉంటుంది. మట్టిలోనే నెమ్మదించండి. ఆగండి. వెనక చూసి ఎక్కండి.

5. బిగుసుకోకండి

మోచేతులు వంచండి. పిడికిలి వదులు చేయండి. ప్యాడిళ్లు రెండూ ఒకే ఎత్తులోకి తెచ్చి, బరువు పాదాల మీద వేసి, సీటు నుంచి కాగితం మందం లేస్తే చాలు, సగం దెబ్బ కాళ్లే తీసుకుంటాయి. గతుకు చూడగానే భయంతో హ్యాండిలు గట్టిగా పట్టుకోవడం సహజం. కానీ అలా పట్టుకుంటే ముందు చక్రం చిన్న రాయికి తిరిగినా ఒళ్లంతా తిరుగుతుంది. వదులుగా పట్టుకుంటే చక్రం తన దారి తనే వెతుక్కుంటుంది.

దూరాలు పోయేవాళ్లకు ఇది మరీ అవసరం. బ్రెవే అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు రైడు. 200 కిలోమీటర్ల బ్రెవే పదమూడున్నర గంటల్లో, 600 అయితే నలభై గంటల్లో ముగించాలి. అంతసేపు అరచేతి మీద అదురు పడితే చిటికెన వేలూ ఉంగరం వేలూ మొద్దుబారతాయి. మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు పోయే నరం నలగడం వల్ల అలా అవుతుంది. కొందరికి వారాల తరబడి పట్టు రాదు, చొక్కా గుండీ పెట్టుకోలేరు. చేతులు తరచూ మార్చండి. కాసేపు బ్రేకు హుడ్ల మీద, కాసేపు పై కడ్డీ మీద, గతుకులు ఎక్కువైనప్పుడు కింది వంపులో. హ్యాండిల్ టేపు రెండు వరసలు చుట్టించుకోండి. మొద్దు రెండు రోజులకూ పోకపోతే డాక్టరుకు చూపించండి.

6. గేరు కాస్త బరువుగా

గతుకుల మీద తేలిక గేరులో గబగబా తిప్పితే సీటు మీద ఎగురుతూ ఉంటాం. ఒక గేరు బరువుకు మార్చి, నింపాదిగా, ఆపకుండా తొక్కండి. కాళ్ల మీద ఒత్తిడి ఉన్నంతసేపు సీటు మీద భారం తక్కువ. గేరు గతుకులకు ముందే మార్చాలి, మధ్యలో మారిస్తే గొలుసు పడిపోతుంది.

7. గుంతను కాదు, దారిని చూడండి

కళ్లు ఎటు చూస్తే బండి అటు పోతుంది. గుంతనే చూస్తూ పోతే అందులోనే దిగుతాం. పది పదిహేను మీటర్ల ముందు చూపు ఉంచి, తప్పించుకునే సందు మీద కన్ను వేయండి. బ్రేకు గుంతకు ముందే ముగించాలి. గుంతలో పడే క్షణంలో ముందు బ్రేకు పట్టుకుని ఉంటే చక్రం దొర్లలేక ముందుకు బోల్తా కొడుతుంది. తప్పించుకునే చోటు లేకపోతే లారీ కిందికి తిప్పుకోకండి. చేతులు వదులుగా పెట్టి, కాళ్ల మీద లేచి, గుంతలోంచే పొండి. టైరు పోయినా పర్వాలేదు.

అడుగు కనపడని నీళ్లలోకి చక్రం పెట్టకండి. వానాకాలంలో హైదరాబాదు రోడ్డు మీద నీళ్ల కింద గుంతే ఉంటుందో, మూత లేని మ్యాన్‌హోలే ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

గుంపుగా పోతున్నప్పుడు ముందున్నవాళ్లు చేత్తో చూపించి "గుంత!" అని కేకేయాలి. వెనకవాళ్లు ఒక్కొక్కరూ ఆ కేకను అందించాలి. మొహమాటపడే కొత్త పిల్లలను చూస్తుంటాను. ఆ ఒక్క కేక వెనకాల పదిమంది దవడలను కాపాడుతుంది, గట్టిగా అరవండి.

8. స్పీడ్ బ్రేకర్లు

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, గుండ్రంగా ఉండాలి. అలా కట్టిన దాని మీద రోడ్ బైక్ హాయిగా ఎక్కి దిగుతుంది. ఊరివాళ్లు పిల్లల ప్రాణభయంతో సొంతంగా పోసుకున్న సిమెంటు గట్లు వేరు. వాళ్ల భయం న్యాయమైనదే, కానీ రంగు కూడా లేని నిటారు గట్టు రాత్రిపూట బైకుల మీద పోయేవాళ్లనే పడేస్తుంది. ఊరు, బడి, గుడి కనపడగానే గట్టు ఉందనుకునే పొండి.

9. పంట కాలం గుర్తుంచుకోండి

అక్టోబరు చివర నుంచి, మళ్లీ ఏప్రిల్ నుంచి వరి ప్రాంతాల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రి నల్ల పట్టా కప్పుతారు. చీకట్లో ఆ పట్టా, ఆ రాయి దగ్గరికి పోతేగాని కనపడవు. వడ్ల మీద టైరు నిలవదు, జారిపోతుంది. రైతును తిట్టడం నాకు నచ్చదు. ఆరబెట్టుకోవడానికి కల్లం లేక రోడ్డెక్కినవాళ్లు వాళ్లు. ప్రతి ఊరికీ సరిపడా కల్లాలు కట్టిస్తే ఈ కష్టం ఇద్దరికీ తీరుతుంది. ఆ నెలల్లో తెల్లారాకే బయల్దేరండి, మంచి లైటు పెట్టుకోండి. దుక్కుల కాలంలో కేజ్‌వీల్స్ విప్పకుండా రోడ్డెక్కే ట్రాక్టర్ల సంగతి వేరు. ఆ ఇనుప పట్టీలు తారును వరసగా గాట్లు పెడతాయి. అది చట్టప్రకారం కూడా తప్పే. ఏడాది కింద వేసిన రోడ్డు వారంలో పాడవుతుంది.

రోడ్డు అంచున పల్లేరు కాయలూ సర్కారు తుమ్మ ముళ్లూ ఉంటాయి. హైవే అంచున పగిలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్న తీగలు ఉంటాయి. తెల్ల గీతకు లోపల అర మీటరు పొండి. ట్యూబు లేని టైర్లలో పోసే సీలెంటు ఇలాంటి సన్న చిల్లులను చాలావరకు దానంతట అదే మూస్తుంది.

10. బండిని బిగించుకోండి

అదురు ప్రతి బోల్టునూ వదులు చేస్తుంది. వారానికోసారి హ్యాండిలు, సీటు, బాటిల్ బోనుల బోల్టులు చూడండి. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు హెడ్‌సెట్ దగ్గర టక్కుమంటే బిగించాలి. పుల్లలు సాధారణంగా వెనక చక్రంలో గొలుసు వైపు తెగుతాయి. రెండేసి పుల్లలు వేళ్లతో నొక్కి చూస్తే వదులుగా ఉన్నది తెలిసిపోతుంది. వెంటనే బెండు తీయించండి.

జేబులో రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషన్, పాత టైరు నుంచి కోసిన చిన్న ముక్క ఉండాలి. టైరు కోసుకుపోతే ఆ ముక్కే లోపల అడ్డుగా నిలిచి ఇల్లు చేరుస్తుంది. రోడ్ బైకుల సన్నటి ప్రెస్టా వాల్వుకు ఊళ్లో పంచరు షాపు గాలి గొట్టం పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వుకే తగిలించి ఉంచుకోండి.

11. బండి కొనేటప్పుడు

షాపులో అందరూ బరువు అడుగుతారు, గేర్లు అడుగుతారు, ఫ్రేము కార్బనా అల్యూమినియమా అని అడుగుతారు. మీరు మొదట, ఫ్రేములో ఎంత వెడల్పు టైరు పడుతుందో అడగండి. మన రోడ్ల మీద తొక్కేవాళ్లకు 32 పట్టని కొత్త బండి ఎంత అందంగా ఉన్నా, ఎంత తగ్గింపు ధరకు ఇచ్చినా కొనొద్దు. ఇప్పటికే పాత బండి ఉన్నవాళ్లు కొత్తది కొననక్కర్లేదు. అందులో పట్టేంత వెడల్పు టైర్లు వేయించండి, గేజీ ఉన్న పంపు ఒకటి కొనుక్కోండి, రేపు పొద్దున బయల్దేరే ముందు గాలి చూసుకోండి.